జాన్స్ హాప్కిన్స్‌లో ఉద్యోగానికి ఎలా అప్లై చేయాలి?

బాల్టిమోర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల రెజ్యూమెలు వారానికి ఒకటైనా నా దగ్గరకు వస్తాయి. చదువుంది, అనుభవముంది, ఇంటర్వ్యూకు పిలుపు మాత్రం రాదు. చూస్తే పొరపాటు దాదాపు ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది.

1. సైటు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వేరు, ఆసుపత్రులు నడిపే హెల్త్ సిస్టమ్ వేరు. యాజమాన్యాలు వేరు, ఉద్యోగాల సైట్లూ వేరు. మెడికల్ స్కూల్ ల్యాబుల్లో రీసెర్చ్ ఉద్యోగాలు యూనివర్సిటీ వైపు ఉంటాయి, వార్డుల్లో నర్సు ఉద్యోగాలు హెల్త్ సిస్టమ్ వైపు. రెండిట్లోనూ అకౌంట్ తెరవండి.

2. రెజ్యూమె. రెండు పేజీలు, పీడీఎఫ్. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసేయండి.

3. అర్హతలు. మొదట చెప్పిన పొరపాటు జరిగేది ఇక్కడే, తొందరపడకండి.

ప్రకటనలో కనీస అర్హతలు అని ఒక భాగం ఉంటుంది. మీ రెజ్యూమెను ముందుగా చూసేది చాలాసార్లు ల్యాబ్ నడిపే డాక్టర్ కాదు, హెచ్ఆర్ వాళ్లు. వాళ్లు ఆ భాగాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూస్తారు. ఏడాది అనుభవం కావాలంటే ఆ ఏడాది నెలలతో సహా కనబడాలి.

గుంటూరు నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఎం.ఫార్మసీ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్లు క్లినికల్ ట్రయల్స్ (రోగుల మీద కొత్త మందుల పరీక్షలు) మీద పనిచేసింది. రెజ్యూమెలో రాసింది ఒక్క లైను: 'క్లినికల్ రీసెర్చ్‌లో పనిచేశాను'. వంటింట్లో కూర్చోబెట్టి, రోజూ ఏం చేసేదానివమ్మా అని అడిగాను. రోగులకు అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకునేదట, ఎథిక్స్ కమిటీకి కాగితాలు పంపేదట, విజిట్‌కు రానివాళ్లకు ఫోన్లు చేసేదట. క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ ప్రకటనలో అడిగేది సరిగ్గా అదే! ఆ ఒక్క లైను ఐదు లైన్లయింది. ఆ తర్వాత మూడో అప్లికేషన్‌కే పిలుపు వచ్చింది.

అనుభవం చాలదని వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు. యూనివర్సిటీ ప్రకటనల అడుగున ఉండే ఈక్వివలెన్సీ ఫార్ములా, అంటే చదువును అనుభవం కింద లెక్కగట్టే పద్ధతి, వాళ్లు చదవరు. 18 గ్రాడ్యుయేట్ (పీజీ) క్రెడిట్లను, లేదా 30 అండర్ గ్రాడ్యుయేట్ (డిగ్రీ) క్రెడిట్లను ఒక ఏడాది అనుభవం కింద లెక్కవేయవచ్చు, ఆ ఉద్యోగానికి అది వర్తిస్తే. మన డిగ్రీల్లో అమెరికా క్రెడిట్లు ఉండవు కాబట్టి కోర్సులవారీగా ఎవాల్యుయేషన్ (మన చదువు అమెరికా లెక్కలో ఎన్ని క్రెడిట్లో చెప్పే నివేదిక) ముందే చేయించుకోండి.

లేని అనుభవం మాత్రం ఒక్క నెల కూడా చేర్చకండి. కన్సల్టెన్సీలు చెప్పే 'ఏడేళ్లు పెట్టేద్దాం' పద్ధతి రోగుల వివరాలు చేతికిచ్చే చోట పనికిరాదు, చేయకూడదు కూడా. ఉన్నదాన్ని వివరంగా రాస్తే చాలు, అది నేను చాలామంది విషయంలో చూశాను.

4. కవర్ లెటర్. ఒక్క పేజీ. ఆ ల్యాబ్ ప్రచురించిన రీసెర్చ్ పేపర్ ఒకటి చదివాకే రాయాలి.

5. వీసా. యూనివర్సిటీలకు హెచ్-1బీ ఏటా 85,000 పరిమితి వర్తించదు, లాటరీ ఉండదు. అలాగని ప్రతి ఉద్యోగానికీ స్పాన్సర్ చేస్తారని కాదు. అడిగి తెలుసుకోండి. హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు) ఉన్నవాళ్లు పని అనుమతి ఉందని సంకోచం లేకుండా రాయండి.

అప్లై చేసిన రోజే ప్రకటనను పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇంటర్వ్యూకు పిలిచేసరికి అది చాలాసార్లు సైటులో ఉండదు.