వేల్స్ నీటి పిండిమర మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

వేల్స్‌లో పాత నీటి పిండిమర అంటే చాలాచోట్ల మూడంతస్తుల రాతి కట్టడం. పైన ధాన్యం తొట్లు, నడిమి అంతస్తులో తిరగలి రాళ్లు, కింద పళ్లచక్రాలు, పిండి సంచులు. 1852-53లో కెరెడిగియన్‌లోని క్రాస్ ఇన్‌లో కట్టిన మెలిన్ బొంప్రెన్ అనే మిల్లును విప్పి తెచ్చి, కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టి 1977లో తెరిచారు. ఇలాంటి మిల్లులో తేడా ముందు తెలిసేది కిందకు జారే పిండిలోనే. కారణం మాత్రం ఎక్కువసార్లు పై అంతస్తులోనో, బయట కాలువలోనో ఉంటుంది.

చక్రం నెమ్మదించింది

ముందు పిల్లకాలువ చూడండి. జల్లెడ దగ్గర ఆకులు, కొమ్మలు అడ్డుపడితే తీసేయండి. పైనుంచి పడే నీటితో తిరిగే చక్రాన్ని నడిపేది దాని తొట్టెల్లో నిలిచే నీటి బరువే. అందుకే చక్రం మీదికి నీరు తెచ్చే చెక్క దోనె కారుతున్నా, తొట్టెలకు చిల్లులు పడ్డా మరమ్మతు వాయిదా వేయకూడదు.

భారీ వర్షం తర్వాత నీళ్లు పుష్కలంగా ఉన్నా చక్రం ఈడ్చుకుంటూ ఉంటే, కొత్తవాళ్లు తూము తలుపు ఇంకా ఎత్తుతారు. లాభం లేదు. కింద ఏరు పొంగి, నీరు బయటికిపోయే దారిలో వెనక్కి తన్నుతోంది. చక్రం అడుగు ఆ నీళ్లలో మునిగి తిరుగుతోంది. వరద తీసేదాకా తూము దించి ఊరుకోవాలి.

చెక్క చక్రం ఒకే చుట్టులో కాసేపు పరుగెత్తి, కాసేపు నీరసపడుతోందా? చాలాకాలం ఆపి ఉంచితే అడుగు భాగం నీరు పీల్చి బరువెక్కుతుంది. పని లేని రోజుల్లోనూ మధ్యమధ్య కొంచెం తిప్పి వదలండి.

పిండి వేడిగా, మాడువాసనతో వస్తోంది

అసలు టెన్షన్ ఇక్కడే. పై రాయి నిమిషానికి సుమారు 100 నుంచి 120 చుట్లు తిరుగుతుంది, కింది రాయి కదలదు. రెండూ మరీ దగ్గరైతే పిండి కాలుతుంది. పై రాయిని మోసే ఇరుసు కింద ఒక దూలం ఉంటుంది. దాని మర (స్క్రూ)ను కొంచెం తిప్పితే రాయి లేస్తుంది. తర్వాత వేళ్ల మధ్య పిండి నలిపి చూడండి. నా లెక్కలో దీన్ని మించిన కొలత లేదు.

వేడి తగ్గలేదా? గింజలు సరిగ్గా పడుతున్నాయో చూడండి. రాయితో పాటు తిరిగే డామ్‌సెల్ అనే కడ్డీ వాలు పళ్లేన్ని తడుతూ గింజలు రాలుస్తుంది. పళ్లేన్ని పట్టి ఉంచే తాడు సర్దితే ధార మారుతుంది.

అప్పటికీ అంతే అయితే రాళ్లు అరిగాయి. పై రాయిని క్రేన్‌తో ఎత్తి తిరగేయాలి. ఎర్రరంగు పూసిన సరిచూసే కర్రను రాయిమీద జరిపితే ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది. అక్కడ ఉలితో చెక్కి, గాడులకు మళ్లీ పదును పెట్టాలి. మన వీధుల్లో తిరగళ్లకు గంట్లు కొట్టించుకున్నట్టే, కాకపోతే ఈ రాయి దాదాపు టన్ను ఉండొచ్చు. గోధుమకు మేలైనది ఫ్రాన్సులోని లా ఫెర్తె-సూ-జువార్ రాయి. అది ముక్కలు అతికి, ఇనుప పట్టీ బిగించినది కాబట్టి అతుకులు కూడా చూసుకోండి.

రాయి కాలిన వాసన, నిప్పురవ్వలు

తొట్టి ఖాళీ అయింది, రాయి రాయిని రాస్తోంది. వెంటనే పై రాయిని లేపి, ఆ తర్వాత తూము దించండి. పిండి ధూళి అంటుకుంటే మిల్లే మిగలదు. గింజల బరువు తగ్గగానే మోగే గంట తొట్టిలో ఉంటుంది. దాని పట్టీ తెగిందేమో చూడండి.

పళ్లచక్రాల దగ్గర టకటక

ఇనుప పళ్లకు ఎదురుగా ఆపిల్ లేదా హార్న్‌బీమ్ చెక్క పళ్లు పెట్టేది చప్పుడు, రవ్వలు తగ్గడానికి. ఏదైనా ఇరుక్కుంటే చెక్కే విరుగుతుంది, ఇనుము బతుకుతుంది. వదులైన పంటికి మేకు బిగించండి, విరిగిందాన్ని మార్చండి.

ఓట్స్ పొట్టు ఊడటం లేదు

తడి. వేల్స్ వానల్లో ఓట్స్ పూర్తిగా ఆరవు. అందుకే చాలా మిల్లులకు ఆనుకుని ఆరబెట్టే బట్టీ ఉంటుంది. గింజలను అక్కడ బాగా ఎండబెట్టి, చల్లారాకే పొట్టుతీసే రాళ్ల మధ్య పోయండి.