ముక్కుపుటం అంచు మీద కోయకండి

గత వారం గాజువాక వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వేరే చోట ఓపెన్ రైనోప్లాస్టీ (బయటి కోతతో తెరిచి ముక్కు ఆకారం సరిచేసే ఆపరేషన్) చేయించుకుని ఏడాదైందట. కుడి ముక్కుపుటం పైకి లాక్కుపోయి నొక్కు పడింది, మాస్కు తీయడానికే ఇష్టపడలేదు. ఇప్పుడు చెవి నుంచి చర్మంతో సహా కార్టిలేజ్ (మెత్తటి ఎముక) తెచ్చి అతకాలి. పరీక్షలు అయిపోగానే మన విశాఖలో రైనోప్లాస్టీ కేసులు వరుసగా వస్తాయి, పీజీ డాక్టర్లూ, అందుకే ఇప్పుడే చెప్తున్నాను. కన్సెంట్, స్టెరిలిటీ మీకు తెలిసినవే.

ముక్కు లోపల పెట్టే కోతకున్న మార్జినల్ ఇన్సిషన్ (అంచు కోత) అన్న పేరు చూసి పొరబడకండి. ఆ మార్జిన్ ముక్కుపుటానిది కాదు, ముక్కు కొనకు ఆకారమిచ్చే లోయర్ లేటరల్ కార్టిలేజ్ కింది అంచుది. సగం దూరం వరకు కార్టిలేజ్ ముక్కుపుటం వెంబడే నడుస్తుంది, తర్వాత పైకి తిరిగిపోతుంది, చేతికి మాత్రం అదే అలవాటులో ముక్కుపుటం వెంట కోసుకుంటూ పోవాలనిపిస్తుంది. నేను చూసిన నొక్కులన్నీ అక్కడ పడ్డవే. ముందువైపు, ముక్కు కొన దగ్గర ముక్కుపుటం వంపులో ఉండే సాఫ్ట్ ట్రయాంగిల్‌లో కార్టిలేజే ఉండదు, రెండు పొరల చర్మమే, దానికి అడ్డంగా కోస్తే మచ్చ ముడుచుకుని అంచును లాగేస్తుంది.

డబుల్ హుక్ (రెండు కొక్కేల పరికరం) వేసి ముక్కుపుటాన్ని తిప్పండి, బయటి నుంచి మధ్యవేలితో నొక్కండి, అంచు గట్టులా పైకి లేస్తుంది. మన దగ్గర చాలామందికి చర్మం మందం, కనపడకపోతే బ్లేడ్ వెనకవైపుతో తడిమి చూడండి. వెంట్రుకలు ఆగిపోయే చోటు దాదాపుగా ఆ అంచే. వెంట్రుకల మధ్యలో కోస్తున్నారంటే దారి తప్పారు.

కోత గీతల మార్కింగ్ మత్తు ఇంజెక్షన్‌కు ముందే చేయండి, మందు ఎక్కాక కణజాలం ఉబ్బి గుర్తులన్నీ జరిగిపోతాయి. అందులో రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ పనిచేయడానికి పది నిమిషాలైనా ఆగండి. కాల్యుమెల్లా (రెండు ముక్కురంధ్రాల మధ్య బయటికి కనిపించే స్తంభం) కోత దాని సన్నటి చోట, తిరగేసిన వి ఆకారంలో. సూటి గీత వద్దు. పెదవికి దగ్గరగా దిగొద్దు, కింద కార్టిలేజ్ ఆసరా లేక మచ్చ కుంగుతుంది. అక్కడ బ్లేడ్ లోతుకు దించొద్దు, చర్మం కిందే మీడియల్ క్రూరా, అంటే లోయర్ లేటరల్ కార్టిలేజ్ లోపలి కాళ్లు. సెప్టమ్‌కు (ముక్కు మధ్య గోడకు) కిలియన్ కోత అయితే కాడల్ అంచుకు, అంటే దాని ముందు అంచుకు, ఒక సెంటీమీటరు వెనక, ఆ అంచే వంకరగా ఉంటే హెమీట్రాన్స్‌ఫిక్షన్, అంటే ఆ అంచు దగ్గరే ఒక పక్క కోత. సెప్టమ్ కార్టిలేజ్ తీసేటప్పుడు పైనా ముందూ సెంటీమీటరు తప్పకుండా వదలండి. రెండు వైపులా ఎదురెదురుగా మ్యూకోసా (లోపలి తడి పొర) చింపొద్దు. మళ్లీ చెప్తున్నా, ముక్కుపుటం అంచు కాదు, కార్టిలేజ్ అంచు. అనుమానం వస్తే బ్లేడ్ పక్కన పెట్టి హుక్ మళ్లీ వేయండి, అప్పటికీ అంచు దొరక్కపోతే సీనియర్‌ని పిలవండి.