పాట కీ మార్చాలంటే సెమిటోన్లు లెక్కపెట్టండి

పాట మీ గొంతుకి మరీ పైకి పోతోందా? కీ, అంటే పాట ఆధార శ్రుతి, దించేయండి. కీబోర్డు మీద ఏ మెట్టు నుంచైనా, నల్లదైనా తెల్లదైనా, ఆనుకుని ఉన్న మెట్టుకి దూరం ఒక సెమిటోన్. అలా 12 దాటితే మళ్ళీ అదే స్వరం రెట్టింపు ఫ్రీక్వెన్సీతో వస్తుంది, 440 హెర్ట్జ్ 'ఎ' మీద 880 'ఎ' లాగ. సి మేజర్ పాటలోని సి, ఎఫ్, జి కార్డులను (కలిపి మోగించే స్వరాల గుంపులను) మూడు సెమిటోన్లు దించితే ఎ, డి, ఇ అవుతాయి. అన్నీ సమానంగా దిగాలి, ఒక్కటి మర్చిపోయినా చెవికి వెంటనే దొరికిపోతుంది.

గిటార్‌కి కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) ఉందిగా అంటారేమో, అది ఫ్రెట్‌కో (గిటార్ మెడ మీది ఒక్కో గడికి) సెమిటోన్ చొప్పున పెంచుతుందే గానీ దించదు. రెండో ఫ్రెట్‌లో పెట్టి జి, సి, డి కార్డులు పట్టుకోండి, వినిపించేది ఎ, డి, ఇ.

అసలు తికమక బి ఫ్లాట్ (బి కంటే సెమిటోన్ కింది స్వరం) క్లారినెట్ అనే ఊదే వాయిద్యంతోనే. కాగితం మీద సి అని చూసి వాయిస్తే బయటికి వచ్చేది బి ఫ్లాట్, అంటే రెండు సెమిటోన్లు కింద. కాబట్టి మీరు ఎ మేజర్‌లో ఉంటే ఆ వాయించేవాళ్ళకి బి మేజర్ రాసివ్వాలి, అందులో ఐదు షార్ప్‌లు (సెమిటోన్ పెంచి వాయించాల్సిన స్వరాలు), పాపం! గొంతు ఒప్పుకుంటే పాటని ఒక్క సెమిటోన్ పెంచి బి ఫ్లాట్‌లో పెట్టండి, వాళ్ళు హాయిగా సి మేజర్ వాయించుకుంటారు.