మడమ నొప్పికి మెట్టు, తువ్వాలు

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద సూది గుచ్చినట్టుండేది. నాలుగడుగులు నడిస్తే తగ్గేది, కూర్చుని లేస్తే మళ్లీ అదే వరస. డాక్టర్ గారు ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు, అంటే అరికాలి కింది పట్టీకి వచ్చే ఇబ్బంది. ఎక్స్‌రేలో ముల్లులా ఎముక కనిపించేసరికి ఇంట్లో ఒకటే టెన్షన్. నొప్పి లేనివాళ్లలోనూ అది ఉంటుందని ఆయనే చెప్పారు.

మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. నడకలో మడమ లేచి వేళ్లు పైకి వంగితే అది బిగిసి పాదం వంపును లేపుతుంది. హిక్స్ అనే పరిశోధకుడు 1954లో వివరించింది ఇదే. డెన్మార్క్‌లో రాత్లెఫ్ అనే పరిశోధకుడి బృందం ఆ బిగింపునే వ్యాయామంగా మార్చింది.

మెట్టు అంచున ఒంటికాలిపై నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. 3 సెకన్లలో మడమ లేపి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు చేయాలి. కాలు అలవాటుపడ్డాక వీపుకి పుస్తకాల బ్యాగు తగిలించుకున్నాను. గోడ పట్టుకోవడం మర్చిపోవద్దు!

మొదట్లో పిక్కల నొప్పులు తప్ప ఏమీ రాలేదు. అమ్మ మాత్రం వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి కాపడం పెట్టమనేది. రాత్లెఫ్ అధ్యయనంలో 3 నెలలకు ఈ మెట్టు వ్యాయామం అరికాలిని సాగదీసే వ్యాయామం కన్నా మెరుగ్గా పనిచేసింది, ఏడాదికి రెండూ సమానమే. నాకు త్వరగా తగ్గడమే కావాలి, తగ్గింది. ఇంట్లో గ్రానైట్ నేల మీద మెత్తటి చెప్పులు ఇప్పటికీ వదల్లేదు.