గాజు ఆక్టోపస్ చేయబోయే ముందు

ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు. ఎనిమిదోది అతికించే సమయానికి మొదటిది చల్లబడిపోయి ఉంటుంది. గాజుతో సముద్ర జీవులను చేయడంలో ఉన్న అపాయమంతా ఇక్కడే మొదలవుతుంది. తల నిమ్మకాయంత మందంగా ఉండి వేడిని చాలాసేపు దాచుకుంటుంది. చేతుల కొసలు అగ్గిపుల్ల కన్నా సన్నగా ఉండి, మంట నుంచి పక్కకు జరిపిన కొన్ని క్షణాల్లోనే బిగుసుకుపోతాయి. ఒకే ముక్కలో ఒక భాగం ఇంకా వ్యాకోచించి ఉండగా మరో భాగం కుంచించుకుపోతే మధ్యలో ఒత్తిడి చేరుతుంది. అది కంటికి కనిపించదు. అప్పుడే పగలవచ్చు, మూడు రోజుల తర్వాత పగలవచ్చు.

పూసలు, గోళీలు చేసేవారికి ఈ బాధ ఇంతగా ఉండదు, ఎందుకంటే వాటి మందం అంతటా ఒకేలా ఉంటుంది. జెల్లీ చేప, స్క్విడ్, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ లాంటివి మాత్రం గాజుకు ఏమాత్రం సరిపడని ఆకారాలు. వాటిని గాజులో చూడాలని మనసు అంతగా లాగేదీ ఆ ఆకారాల వల్లనే. వీడియోలు చూసి, గ్యాస్‌ను ఆక్సిజన్‌తో కలిపి మండించే చిన్న టార్చి కొనుక్కుని, మొదటి పనిగా నేరుగా ఆక్టోపస్‌నే మొదలుపెడదామనుకునే వారు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. వారి కోసమే ఈ జాగ్రత్తలు.

గది, గ్యాస్

నాకు ఈ పని నేర్పినది ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగానికి ఫ్లాస్కులు, కండెన్సర్లు ఊది ఇచ్చే పెద్దాయన. మంట వెలిగించే ముందు ఆయన ఉంగరం తీసి జేబులో వేసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకునే వారు. చాలా రోజుల వరకు అది ఆయన శుచి అనుకున్నాను. నిజానికి అది ఆక్సిజన్ సిలిండర్ కోసం. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోవచ్చు. మన ఇళ్లలో తలకు కొబ్బరి నూనె రాసుకుని అదే చేత్తో ఏ పనైనా చేస్తాం. ఆ చేత్తో ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను ముట్టుకోకండి. మర తిరగడం బిగుసుగా ఉందని దానికి చుక్క నూనె వేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. బట్టల మీది దుమ్మును ఆక్సిజన్‌తో ఊదుకోవడమూ వద్దు. ఆక్సిజన్ పట్టిన నూలు చిన్న రవ్వకే భగ్గుమంటుంది.

వంటింటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఈ పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. అందుకే సెల్లార్‌లో, గడపలు ఎత్తుగా ఉండి కిందుగా గాలి ఆడని గదిలో ఈ పని పెట్టుకోకూడదు. సిలిండర్‌ను బయట నిలబెట్టి, గొలుసుతో కట్టి, గొట్టాన్ని లోపలికి తెచ్చుకోవడం మంచిది. గ్యాస్, ఆక్సిజన్ గొట్టాలు రెండింటికీ, మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు తప్పనిసరి. వాటి ధర చూసి తర్వాత కొందామని వాయిదా వేయకండి. కొత్త గొట్టం బిగించిన ప్రతిసారీ అతుకుల మీద సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, సిలిండర్ మూసి బయటికి వచ్చేయండి. గ్యాస్ లీకుకు సహాయ సంఖ్య 1906.

వెలిగించేటప్పుడు ముందు గ్యాస్, తర్వాత ఆక్సిజన్. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాస్. ఈ వరుసను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టార్చి ఎదుట అంటించుకోండి. వెలిగించడానికి పొయ్యి దగ్గర వాడే చెకుముకి లైటర్ చాలు. లోపల గ్యాస్ నింపిన ప్లాస్టిక్ లైటర్‌ను బల్ల మీద మరచిపోయి, దాని పక్కన ఎర్రగా కాలిన గాజు పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

బల్ల పైన ఇనుప రేకు గానీ సిమెంటు పలక గానీ ఉండాలి. కింద చాపలు, తివాచీలు వద్దు. ఇంట్లో చెప్పులు లేకుండా తిరగడం మన అలవాటు కదా, ఈ గదిలో మాత్రం కాలంతా కప్పే తోలు బూట్లు వేసుకోండి. నూలు బట్టలే కట్టుకోండి. సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చున్నీ, పైట, వదులుగా వేలాడే చేతులు, ముడి వేయని జుట్టు, ప్లాస్టిక్ గాజులు ఇవేవీ మంట దగ్గరికి రాకూడదు.

మంటలో తయారయ్యే వాయువులు, వెండి, బంగారం ఆవిరి పట్టించి జెల్లీ చేపకు మెరుపు తెచ్చేటప్పుడు లేచే పొగ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి, మంట మీదుగా ఎదురుగా ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ద్వారా బయటికి పోవాలి. ఫ్యాన్ ముక్కుకు పైన ఉంటే పొగ ముఖం మీదుగానే వెళుతుంది. పైకప్పు ఫ్యాన్ అసలు వేయకండి. అది మంటను కదిలిస్తుంది, సన్నని చేతులను ఒక పక్క నుంచి చల్లార్చి పగలగొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ లేకుండా మంట ముందు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ నెలల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ఆపేయండి. పక్కన మజ్జిగ చెంబు ఉంచుకోండి. తల తిరిగినట్టు అనిపిస్తే చేతిలోని ముక్క ఎంత బాగా కుదురుతున్నా వదిలేసి లేవండి.

కళ్లు

గాజు కాగేటప్పుడు అందులోని సోడియం వల్ల పసుపు వెలుగు లేస్తుంది. ఆ వెలుగులో ఏ భాగం కరిగిందో కనిపించదు. డిడీమియం కళ్లజోడు దానిని అడ్డుకుంటుంది. అయితే అది పరారుణ కిరణాలను ఆపదని చాలామందికి తెలియదు. గాజు ఊదేవారికి వచ్చే శుక్లానికి వైద్యంలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. ఎక్కువ వేడికి గాని కరగని బోరోసిలికేట్ గాజుతో పెద్ద ముక్కలు చేసేవారు పరారుణాన్ని కూడా ఆపే, వెల్డింగ్ షేడ్ 3 స్థాయి అద్దాలు తీసుకోవాలి. మామూలు నల్ల కళ్లద్దాలు ఇందుకు పనికిరావు.

ఏ గాజు

మొదటి రోజే తేల్చుకోవలసిన విషయం ఇది. ప్రయోగశాల ఫ్లాస్కులు బోరోసిలికేట్. మన చేతి గాజులు, తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో తరతరాలుగా చేస్తున్న పూసలు, ఇటలీలోని మురానో కడ్డీలు తక్కువ వేడికే కరిగే మెత్తని సోడా గాజు. అదే వేడికి సోడా గాజు బోరోసిలికేట్ కన్నా దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. ఇంట్లో విరిగిన ఎర్ర గాజుల ముక్కలతో ఆక్టోపస్‌కు కళ్లు పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. రంగు చాలా బాగుంటుంది, మంటలో చక్కగా అతుక్కుంటుంది కూడా. చల్లారేటప్పుడు ఆ కన్ను ఊడి ఎగిరిపడుతుంది. మెత్తని గాజుల్లో కూడా ఎంత వ్యాకోచిస్తాయో తెలిపే 90, 96, 104 అనే సంఖ్యలు వేసి అమ్ముతారు. ఒక సంఖ్య గాజును మరో సంఖ్యతో కలపకండి. కడ్డీలను వేర్వేరు డబ్బాల్లో ఉంచి డబ్బా మీద సంఖ్య రాయండి. కలిసిపోయిన కడ్డీ ఏదో తెలియకపోతే పారేయడమే మంచిది.

ఎరుపు, పసుపు, నారింజ కడ్డీలు చాలావాటిలో కాడ్మియం ఉంటుంది. వాటిని నూరవలసి వస్తే నీళ్లతోనే నూరండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఆ గదిలో తినకండి.

మంటలో

చల్లని కడ్డీని మంట మధ్యలోకి ఒక్కసారిగా దూర్చితే కొస ముక్కలై ముఖం మీదికి చిమ్ముతుంది. మంట కొస దగ్గర తిప్పుతూ మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి తేవాలి. ఎర్రదనం పోయాక గాజు చల్లారినట్టే కనిపిస్తుంది గాని నాలుగు వందల డిగ్రీల గాజుకూ మామూలు గాజుకూ చూపులో తేడా ఉండదు. కాలిన కొస ఎప్పుడూ మీకు దూరంగా, అవతలి వైపునే ఉండేలా కడ్డీని స్టాండు మీద ఆనించి పెట్టే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. నేను చూసిన కాలిన గాయాల్లో ఎక్కువ భాగం మంట వల్ల అయినవి కావు. కడ్డీ రెండో కొస కూడా వేడిగా ఉందని మరచి పట్టుకోవడం వల్ల అయినవి.

జెల్లీ చేప గొడుగును గొట్టంతో ఊదుతారు. ఊదేటప్పుడు ముక్కను మంట నుంచి పక్కకు తీయాలి. గొట్టం నోట్లో ఉండగా గాలి లోపలికి పీల్చకూడదు. రెండు కొసలూ మూసుకుపోయిన గొట్టాన్ని వేడి చేస్తే పేలుతుంది. బుడగ మరీ పల్చబడి పగిలితే వెంట్రుక కన్నా సన్నని పొరలు గాలిలో తేలుతాయి. అప్పుడు ఊపిరి బిగబట్టి పక్కకు జరగండి, అవి కిందికి దిగాక తడిగుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తాయి.

ఇక ఎనిమిది చేతుల విషయం. ఒక చేయి అతికించాక రెండోదానికి వెళ్లే ముందు మొత్తం ముక్కను వెడల్పైన మెత్తని మంటలో తిప్పాలి. ఆ తర్వాత ప్రతి 15, 20 సెకన్లకు ఒకసారి అన్ని చేతులనూ మంటలో తడపాలి. అవును, తడపడమే. మా పెద్దాయన వాడిన మాట అది. నీళ్లలో ముంచినట్టు మంటలో ముంచి తీయడం. చేతుల మీద చూషకాల (పట్టుకునే గుండ్రని బిళ్లల) కోసం పెట్టే చుక్కలను పైపైన అంటించి వదిలేయకండి. అంచు మెత్తగా కలిసేదాకా కరగనివ్వండి. పైపైన అంటిన ప్రతి చుక్క దగ్గరా పగులు మొదలవగలదు. టిక్ మని చిన్న శబ్దం వినిపిస్తే ముక్కను ముఖానికి దగ్గరగా తెచ్చి చూడకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టేయండి.

అన్నిటినీ మంటలోనే అతికించాలన్న పట్టుదల అవసరం లేదు. ఈ విద్యలో ఎవరూ అందుకోలేని పని చేసిన తండ్రీకొడుకులు బ్లాష్కాలే అలా చేయలేదు. 1853లో లియోపోల్డ్ బ్లాష్కా ఓడలో అమెరికా వెళుతుండగా గాలి పడిపోయి ఓడ అట్లాంటిక్‌లో రెండు వారాలు కదలకుండా నిలిచిపోయింది. రాత్రిళ్లు నీళ్లలో వెలుగులు చిమ్మే జీవులను చూసి ఆయన బొమ్మలు గీసుకున్నారు. పదేళ్లకు డ్రెస్డెన్ మ్యూజియం కోసం పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులైన సీ ఎనిమోన్లను గాజుతో చేశారు. తర్వాత కొడుకు రుడాల్ఫ్‌తో కలిసి 1890 వరకు వేలకొద్దీ సముద్ర జీవులను చేసి ప్రపంచంలోని మ్యూజియాలకు పంపారు. డబ్లిన్‌లో, లండన్‌లో, అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో చాలా భాగాలు విడివిడిగా చేసి, జిగురుతో, సన్నని తీగలతో కలిపినవి. దారం లాంటి చేతులను మందపాటి తలకు వేడిగా అతికించడం కుదరనప్పుడు వారు విడిగా చేసి చల్లగా కలిపారు. మీ ఆక్టోపస్ చేతులు మరీ సన్నవైతే మీరూ అలాగే చేయండి. అందులో తక్కువతనం లేదు.

కొలిమిలో

బూడిదలో పూడ్చితే చాలు, మెల్లగా చల్లారుతుందని అంటారు. చిన్న పూసకు అది సరిపోవచ్చు. నా మొదటి జెల్లీ చేపను అలాగే పూడ్చాను. మూడో రోజు రాత్రి అల్మారాలో టప్పుమని రెండుగా విడిపోయింది. ఆ సమయంలో అల్మారా ముందు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. సముద్ర జీవి చేయదలచినవారు ఉష్ణోగ్రతను నియంత్రించే కరెంటు కొలిమి సమకూర్చుకున్నాకే మొదలుపెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపు ఇవ్వను.

కొలిమిని ముందే వేడి చేసి సిద్ధంగా ఉంచండి. ముక్క మంట నుంచి నేరుగా అందులోకి వెళ్లాలి. బోరోసిలికేట్‌కు సుమారు 565 డిగ్రీలు, 104 గాజుకు సుమారు 515 డిగ్రీల సెల్సియస్ వద్ద తల లోపలి దాకా వేడి సమానమయ్యే వరకు ఉంచి, ఆ తర్వాత మెల్లగా దించాలి. ఎంత మెల్లగా అన్నది చేతులను బట్టి కాకుండా తల మందాన్ని బట్టి లెక్క వేయాలి. మందం రెండింతలైతే చల్లార్చే వేగం నాలుగో వంతుకు తగ్గాలి.

రెండు కిలోవాట్ల కొలిమి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి వేరే లైను, ఎర్తింగ్, ఎంసీబీ ఉండాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు. వానాకాలంలో, గాలిదుమారాల రోజుల్లో మధ్యలో కరెంటు పోతుంది. పోతే తలుపు తెరిచి చూడకండి. ఇటుకలు వేడిని నిలుపుకుంటాయి, తెరిచిన క్షణమే అది పోతుంది. కరెంటు వచ్చాక కంట్రోలర్ ఆగిన చోటు నుంచి కొనసాగిందా, మొదటికి వెళ్లిందా, ఆగిపోయిందా అని చూసి, అవసరమైతే మెల్లగా మళ్లీ వేడి పెంచి మొత్తం వరుసను మొదటి నుంచి నడపండి.

కాలితే, గుచ్చుకుంటే

వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేసి, కాలిన చోటును కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచండి. పళ్ల పేస్టు, సిరా, నెయ్యి, మంచు ముక్క ఏదీ పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే సిరా బుడ్డి తెస్తారు, మీరు మాత్రం నీళ్ల కింద నుంచి చేయి తీయకండి. కంట్లో గాజు పడితే నలపవద్దు, గుచ్చుకున్న ముక్కను లాగవద్దు. ఒత్తిడి పడకుండా కాగితం కప్పులాంటిది అడ్డం పెట్టి ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. అందుకే ఇంట్లో మరొకరు మెలకువగా ఉన్నప్పుడే మంట వెలిగించండి.

కొలిమి లోపల గది వేడికి దిగాకే తలుపు తెరవాలి. ముక్కను బయటికి తీశాక ఎల్‌సీడీ తెర మీద ఖాళీ తెల్లని పేజీ తెరిచి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పట్టుకుని తెర నల్లగా కనిపించేదాకా తిప్పండి. తెరకూ అద్దానికీ మధ్య ఆక్టోపస్‌ను పట్టుకోండి. పారదర్శకమైన గాజులో ఒత్తిడి ఉంటే చేతుల మొదట్లో తెల్లని వెలుగు చారలు కనిపిస్తాయి. అలా కనిపిస్తే దానిని అల్మారాలో పెట్టకండి, ఎవరికీ బహుమతిగా ఇవ్వకండి. ఆ రాత్రికే మళ్లీ కొలిమిలో పెట్టండి.