ఫార్మా ప్లాంటులో శిక్షణను తరగతి గది నుంచి యంత్రం పక్కకు తీసుకురావడం ఎలా?

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారం వంటి పారిశ్రామికవాడల్లోని, మందుల మూల రసాయనాలు తయారుచేసే బల్క్‌డ్రగ్ యూనిట్లలో శిక్షణ అంటే చాలాకాలంగా ఎస్ఓపీ (పనిని ఎలా చేయాలో చెప్పే ఆమోదిత పత్రం) చదివి రిజిస్టరులో సంతకం పెట్టడమే. ఆడిటర్ అడిగినప్పుడు ఆ సంతకం పనికొస్తుంది. రాత్రి షిఫ్టులో ఆపరేటరు ఒక్కడే వాల్వు ముందు నిలబడినప్పుడు మాత్రం ఆదుకోదు. అందుకే కొన్ని సంస్థలు సంతకాన్ని ఉంచుతూనే, నేర్పే చోటును పని జరిగే చోటికి మారుస్తున్నాయి. అదే మార్పును తమ యూనిట్లో తేవాలనుకునే షిఫ్ట్ ఇన్‌చార్జుల కోసం ఈ సూచనలు.

అన్ని పనులనూ ఒకేసారి ఎత్తుకోవద్దు. డీవియేషన్ (నిర్దేశిత పద్ధతి తప్పిన సందర్భాల) రికార్డులు తిరగేసి, పదేపదే పొరపాటు జరుగుతున్న పనినో, పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వచ్చే పనినో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు డ్రమ్ములోని, తేలిగ్గా మండే సాల్వెంటు (ద్రావకం) అయిన టోల్యూన్‌ను రియాక్టరులోకి పంపడం.

ఆ పనిని అనుభవజ్ఞుడైన ఆపరేటరు చేస్తుండగా పక్కన నిలబడి, ఒకే కాగితం మీద మూడు వరుసల్లో రాయండి: ఏ దశ, అందులో కీలకం ఏమిటి, ఎందుకు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీలలో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పడానికి రూపొందించిన పద్ధతి ఇది. యుద్ధం తర్వాత జపాన్ చేరి, టొయోటాలో స్థిరపడింది. ‘డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ తగిలించాలి’ అనేది దశ. క్లిప్ పళ్లు పెయింటును దాటి లోహాన్ని పట్టుకోవాలన్నది కీలకం, ఎందుకంటే పెయింటు మీద తగిలిస్తే విద్యుత్ సంబంధం ఏర్పడదు. టోల్యూన్ గొట్టంలో పారేటప్పుడు స్థిర విద్యుత్ పుడుతుంది; దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీల సెల్సియస్ కాబట్టి మన వాతావరణంలో ఏ రోజైనా ఒక్క నిప్పురవ్వ చాలు. ఎస్ఓపీలో ‘క్లిప్ తగిలించాలి’ అన్న వాక్యం తప్పక ఉంటుంది. మిగతాది చాలాచోట్ల సీనియర్ల బుర్రల్లోనే ఉండిపోతుంది.

ఇలా రాసేటప్పుడు ఎస్ఓపీకీ జరుగుతున్న పనికీ తేడా కనిపించవచ్చు. దాన్ని కప్పిపుచ్చకుండా క్యూఏ (నాణ్యతా హామీ విభాగం) దృష్టికి తీసుకెళ్లి, పనినైనా పత్రాన్నైనా సరిదిద్దించండి. ఆమోదం లేని కాగితాన్ని గోడకు అంటించడం జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు) ప్రకారం మరో తప్పవుతుంది.

నేర్పడంలో నాలుగు దశలున్నాయి: కార్మికుణ్ణి సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనిచేత చేయించడం, తర్వాత కనిపెట్టి ఉండడం. మూడోదానికే ఎక్కువ సమయం ఇవ్వండి. మొదట నీళ్ల డ్రమ్ముతో చేయించి, ప్రతి దశలోనూ ‘ఎందుకు’ అనేది అతని నోటితోనే చెప్పించండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వారుంటే వారి భాష వచ్చిన తోటి కార్మికుణ్ణి పక్కన నిలబెట్టండి. అర్థం కాకపోయినా తలూపడం ఏ భాషలోనైనా సులభమే.

నేర్చుకున్నది తొలి రోజుల్లోనే వేగంగా మరుగున పడుతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. కాబట్టి మర్నాడు, వారానికి, నెలకు షిఫ్ట్ అప్పగింత సమయంలో రెండేసి నిమిషాలు కేటాయించండి. అప్పుడు మీరు చెప్పకండి, అడగండి. చిన్న వీడియోలు తీసి పెట్టుకోవచ్చు గానీ, సాల్వెంటు ఉన్న చోటికి మామూలు ఫోన్లు వెళ్లకూడదు కనుక వాటిని అప్పగింత గదిలోనే చూపించాలి. ఎస్ఓపీల్లో వెతికిపెట్టే కృత్రిమ మేధ పరికరాలను కూడా, మూల పత్రాన్ని తెరిచి సరిచూసుకునే షరతు మీదే వాడనివ్వండి.

ఫలితాన్ని ఎలా కొలవాలి? 1959లో అమెరికన్ శిక్షణ నిపుణుడు కిర్క్‌పాట్రిక్ ప్రతిపాదించిన నాలుగు స్థాయుల్లో శిక్షణ నచ్చిందా అన్నది మొదటిది మాత్రమే. నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా అన్నవి ఆ తర్వాతివి. చాలా యూనిట్లు అభిప్రాయ పత్రంతోనో క్విజ్‌తోనో సరిపెట్టుకుంటాయి. నెల గడిచాక ముందుగా చెప్పకుండా వెళ్లి, క్లిప్ ఎక్కడ పట్టుకుందో చూడండి.

ఇంతకీ ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది నేర్పేవారికి తీరిక లేకే. సీనియర్ ఆపరేటరుకు ఉత్పత్తి లక్ష్యాన్ని యథాతథంగా ఉంచి శిక్షణను అదనంగా మోపితే అతను మళ్లీ సంతకాలకే పరిమితమవుతాడు. నేర్పే షిఫ్టులో అతని బ్యాచ్ పనిని మరొకరికి అప్పగించే ఏర్పాటును షిఫ్ట్ రోస్టర్‌లోనే ముందుగా రాయించండి.