చెరువు మట్టి డీఎన్‌ఏకి పీసీఆర్‌లో బ్యాండ్ రావట్లేదా?

నల్గొండ పానగల్ దగ్గర ఉదయసముద్రం ఒడ్డున మట్టి తెచ్చారు, డీఎన్‌ఏ తీశారు, బ్యాక్టీరియా ఉందో లేదో చూద్దామని బ్యాక్టీరియా అన్నిట్లో ఉండే 16ఎస్ జీన్‌కి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను కోట్ల కాపీలు చేసే పద్ధతి) పెట్టారు. తీరా జెల్ చూస్తే సైజు పోల్చే లాడర్ గీతలు తప్ప ఏ బ్యాండూ లేదు. ఇక్కడే చాలామంది టెన్షన్ పడిపోయి కొత్త ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి, డబ్బు దండగ.

ముందు ఆ డీఎన్‌ఏ ట్యూబును తెల్లకాగితం మీద పట్టి చూడండి. నీళ్లలా తేటగా ఉండాలి. పలచటి టీ డికాక్షన్ రంగులో ఉందంటే అది హ్యూమిక్ యాసిడ్. ఆకులు, గడ్డి కుళ్లినచోట పుట్టే ఈ సరుకు డీఎన్‌ఏతో పాటే వచ్చేసి కాపీలు చేసే టాక్ ఎంజైమును పని చేయనివ్వదు. నానోడ్రాప్‌లో (డీఎన్‌ఏ ఎంత శుద్ధంగా ఉందో చూపే మీటరు) 260/230 నిష్పత్తి రెండు దగ్గర ఉండాల్సింది ఒకటి కిందికి పడితే అనుమానం గట్టిపడుతుంది, కాకపోతే కిట్‌లోని గ్వానిడిన్ ఉప్పు మిగిలినా అంతే పడుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్మొద్దు.

టెంప్లేట్‌ను, అంటే మీరు తీసిన డీఎన్‌ఏను, 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. డీఎన్‌ఏ తగ్గిస్తే బ్యాండ్ రావడమేంటని నవ్వొస్తుంది గానీ, డీఎన్‌ఏతో పాటు అడ్డుపడేదీ తగ్గుతుంది మరి. అదీ చాలకపోతే మైక్రోలీటరుకు 0.4 మైక్రోగ్రాముల చొప్పున బీఎస్‌ఏ (అడ్డుపడేవాటిని పట్టుకునే ప్రోటీన్) కలపండి. ఇంకా సందేహమా? ఇవే ప్రైమర్లతో బాగా పనిచేసే డీఎన్‌ఏ కొంచెం మీ శాంపిల్‌లో వేసి పెట్టండి, అదీ రాలేదంటే తప్పు ప్రైమర్లది కాదు. క్యూపీసీఆర్ (కాపీలు పెరిగేకొద్దీ కొలిచే పీసీఆర్) ఉంటే ఇంకా సులువు: 10 రెట్ల పలచనకి సీటీ (సిగ్నల్ కనబడే సైకిల్ నంబరు) దాదాపు 3.3 సైకిళ్లు పెరగాలి, అంతకంటే బాగా తక్కువ పెరిగితే అడ్డంకి ఉన్నట్టే.

బోరు నీళ్లయితే లెక్క వేరు. అందులో కణాలే తక్కువ, 50 మిల్లీలీటర్లతో ఏమీ తేలదు. లీటరు, రెండు లీటర్లు 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. దేవరకొండ నుంచి మే ఎండలో తెచ్చేటప్పుడు ఐస్ బాక్సు తప్పనిసరి.

నెగటివ్ కంట్రోల్‌లోనూ (డీఎన్‌ఏ వేయని ట్యూబు) సన్నగా బ్యాండ్ కనబడుతోందా? టాక్‌ను తయారుచేసేదే మామూలుగా ఈ.కోలైలో, దాని డీఎన్‌ఏ పిసరంత మిగిలినా 16ఎస్ ప్రైమర్లు పట్టేస్తాయి. సైకిళ్లు 35 నుంచి 28కి తగ్గించండి, జెల్ నడిపే గదిలో మిక్స్ కలపకండి.

క్లోరిన్ కలిపిన నల్లా నీళ్లలో కల్చర్ ఖాళీ, పీసీఆర్ మాత్రం పాజిటివా? చచ్చిన కణాల డీఎన్‌ఏ అయ్యుండొచ్చు. డీఎన్‌ఏ తీయకముందే శాంపిల్‌కి పీఎంఏ (చచ్చిన కణాల డీఎన్‌ఏకి అంటుకుని అది పీసీఆర్‌లో రాకుండా చేసే రంగు) కలిపి, వెలుతురు పట్టించి, అప్పుడు పెట్టి చూడండి.